ఆవిడ కలగనడం లేదు

"ఆ చొక్కా అయిపోయాక ఇక్కడో సంతకం పెట్టు," అన్నాడు భర్త, ఇస్త్రీ బల్ల చివర ఒక కాగితం ఉంచి.

ఆమె అప్పుడు కాలరు మీద ఉంది. కాలరు పని ఓపిక పని. ముందు లోపలి వైపు రుద్ది, తర్వాత పై వైపు తిప్పాలి. లేకపోతే మెడ దగ్గర చిన్న ముడత తేలుతుంది. తేలితే ఆయన ఏమీ అనడు. అద్దం ముందు నిలబడి ఆ ముడతను రెండు వేళ్ళతో లాగుతూ ఉంటాడు, ఆమె చూసేదాకా లాగుతాడు. నోరు విప్పకుండా మాట అనడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. సంతకాలంటారా, అవి ఆమెకు కొత్త కాదు. ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఆయన ఎక్కడ వేలు పెడితే అక్కడ పెడుతూనే ఉంది. మొదట్లో చదవబోతే "ఏం, నా మీద నమ్మకం లేదా?" అని నవ్వేవాడు. ఆ నవ్వుకు సిగ్గుపడి చదవడం మానేసింది. ఆ రోజు మాత్రం ఇస్త్రీపెట్టె ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. వాటిని తీసి పక్కన పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడానికి కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. అంత దగ్గరికి తెచ్చుకున్నాక చదవకుండా ఉండడం ఎవరి వల్లా కాదు.

"మ్యూజియంలో చిత్రాలు శుభ్రం చేసే పనిలో ఉన్న నేను, 'కలగంటున్న స్త్రీ' అనే చిత్రాన్ని శుభ్రం చేస్తున్నప్పుడు, నా చూపు లోపం వల్ల, ఆ స్త్రీ ముక్కు మీద ఉన్న చిన్న పుట్టుమచ్చను మురికి అని పొరబడి తుడిచివేశాను. ఇందుకు పూర్తి బాధ్యత నాదే."

కింద ఆమె పేరు, దాని మీద ఖాళీ గీత.

"మచ్చా? ఏ మచ్చండీ?"

"అదే నేనూ అడిగేది. ప్రదర్శనకు వేసిన నా పుస్తకంలో ఉంది, బొమ్మలో లేదు. పై ఆఫీసు నుంచి వచ్చిన ఆ పరిశీలకురాలు మొన్న భూతద్దం పట్టుకుని మరీ వెతికింది. రాసినవాడు లేనిది రాశాడా, తుడిచినవాళ్ళు ఉన్నది తుడిచారా అని అందరి ముందూ అడిగింది. ఏం చెప్పమంటావు నన్ను?"

"నేను తుడవలేదండీ."

"తుడవలేదని నీకెలా తెలుసు? కనపడితే కదా తెలిసేది." ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. "చూడు, నీకు చూపు తక్కువని మ్యూజియంలో అందరికీ తెలుసు. ఎవరూ తప్పు పట్టరు. నీది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, పోతే పోయింది, ఇంటిపట్టున ఉంటావు. నా సంగతి అలా కాదు. డైరెక్టరు దిగిపోతున్నాడు, ఆ కుర్చీకి ఈ పుస్తకమే నాకు మెట్టు. గురువారం కమిటీ కూర్చుంటుంది. అప్పటికిస్తే చాలు, ఇప్పుడే పెట్టమని నేననడం లేదు."

పక్క గదిలోంచి అత్తగారు అందుకున్నారు. "పెట్టెయ్యవమ్మా. వాడు పైకొస్తే నువ్వు వచ్చినట్టు కాదూ?"

ఆయన చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. "కాలరు బాగా కుదిరింది," అన్నాడు. ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే అనే మాట అది.

ఆమెకు చూపు ఆనదన్న సంగతి కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. ఏడేళ్ళ వయసులో బడిలో నల్లబల్ల మీద ఏముందో పక్కపిల్ల చెవిలో చెబితే రాసుకునేది. ఆ పిల్లతో తగాదా వచ్చిన రోజున గుట్టు బయటపడింది. తొమ్మిదేళ్ళకే ముక్కు మీదికి సోడాబుడ్డి అద్దాలొచ్చాయి, వాటితో పాటు ఆ పేరూ వచ్చింది. కాలేజీలో అద్దాలు తీసి నడిచేది, సోడాబుడ్డి అనిపించుకోకూడదని. అప్పుడు ఎదురుపడినవాళ్ళను పలకరించేది కాదు, ఎవరో తెలిస్తే కదా. "దానికి పొగరు," అన్నారు. పెట్టుకుంటే వికారం, తీస్తే అహంకారం. ఈ రెండింటి మధ్య ఒక ఆడపిల్ల ఎలా నడవాలో చెప్పినవాళ్ళు లేరు. పెళ్ళిలో ఫొటోగ్రాఫరు, "అద్దాలు తియ్యండమ్మా, మెరుపు పడుతోంది," అన్నాడు. తీసింది. తన పెళ్ళిని తను చూడలేదు. ఎవరో రంగురంగుల మనుషులు ముందు కదిలారు, పక్కన ఒక పొడుగాటి నీడ నిలబడింది, ఆ నీడ చెయ్యి పట్టుకుంది. ఆ ఫొటో ఇప్పటికీ ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళందరూ దాన్ని చూసి, "ఏమి కళ్ళమ్మా, ఎక్కడో కలల్లో తేలుతున్నట్టున్నావు," అంటారు. ఆమె కాఫీ కప్పులు అందిస్తుంది.

ఆయనకు ఈ చూపు మీద ఒక హాస్యం ఉండేది. నలుగురు చేరిన చోట తప్పకుండా వదిలేవాడు. "మా ఆవిడ నన్ను చేసుకోవడానికి ఎందుకు ఒప్పుకుందో తెలుసా? ఆ రోజు అద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చింది." అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే హాస్యం తెలీని మనిషి అంటారు, ఉన్న పేర్లకు తోడు అదొకటి ఎందుకని.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. అద్దాలు తీసేసి, జానెడు దూరంలో పెట్టుకుని చూస్తే ఆమెకు కనిపించినంత సన్నగా ఇంకెవరికీ కనిపించదు. నేత బట్టలో పోగు మీద పోగు, ఆకు మీద నూగు, రంగులో ఇరుక్కుపోయిన కుంచె వెంట్రుక. దూరాన్ని పట్టుకోలేని కళ్ళు దగ్గర్ని వదలవు. ఆ చూపుతోనే మ్యూజియం కిందిగదిలో పాత బొమ్మలు శుభ్రం చేసే ఉద్యోగం సంపాదించింది. పుల్లకు దూది చుట్టి, నోట్లో తడిపి, గోరంత గోరంత జాగా తుడవాలి. పాత మురికికి మనిషి ఉమ్మిని మించిన మందు లేదని ఆ పని తెలిసినవాళ్ళందరికీ తెలుసు. అత్తగారికి మాత్రం అది రోత. "లోకంలో ఉన్న బొమ్మలన్నిటికీ ఎంగిలి చేసొచ్చావు, నోరు కడుక్కుని వంటింట్లోకి రా," అనేవారు. పైఅంతస్తులో భర్త క్యూరేటరు. ఏ బొమ్మ ఎక్కడ తగిలించాలో, దాని పక్కన ఏం రాయాలో ఆయన చెబుతాడు. కిందిగదిలో ఆమె తుడుస్తుంది. పైన ఆయన వివరిస్తాడు. ఇంట్లోనూ దాదాపు అదే ఏర్పాటు.

ఐదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుంటూ ఆమే అంది, "ఏవండీ, చూపు ఆననివాళ్ళను బొమ్మల్లో ఎలా వేశారో ఎవరైనా చూశారా?" అని. ఆయన నములుతూ, "అదేం విషయం?" అన్నాడు. వారం తిరిగేసరికి, "ఆ సంగతి కాస్త చూసి రాసి పెట్టు, ప్రదర్శనకు పనికొస్తుందేమో," అన్నాడు. ఆ "కాస్త" నాలుగేళ్ళు పట్టింది. ఉదయం వంటకు ముందు, సాయంత్రం అత్తగారి కాళ్ళకు మందు రాశాక, సెలవు రోజుల్లో బట్టలు ఆరేసి లైబ్రరీకి పరిగెత్తి, ఒక మందపాటి నోటుపుస్తకం నింపింది.

అందులో ఎన్ని సంగతులని. కళ్ళద్దాలు మొదట పుట్టింది వయసు మళ్ళి దగ్గరవి కనపడనివాళ్ళ కోసం. దూరం ఆననివాళ్ళకు అద్దాలు రావడానికి ఆ తర్వాత ఇంకో నూరేళ్ళు పైనే పట్టింది. రాసే చేతులు, లెక్కలు చూసే చేతులు ఆగిపోతే లోకానికి నష్టం, దూరం ఆనకపోయినా కుట్టుకునే చేతులు ఆగవు కదా అని పక్కన తన మాటగా రాసుకుంది. కళ్ళద్దాలు పుట్టడానికి వందల ఏళ్ళ ముందే చనిపోయిన మహాత్ముల ముక్కుల మీద కూడా చిత్రకారులు అద్దాలు కూర్చోబెట్టారు, చదువుకు గుర్తుగా. ఐదు వందల ఏళ్ళనాటి ఒక బొమ్మలో గొప్ప మతపెద్ద చేతిలో అద్దం పట్టుకుని దర్జాగా కూర్చుంటాడు. అంతకు చాలా ముందు ఒక చక్రవర్తి ఆకుపచ్చ రాయిలోంచి మల్లుల పోరాటాలు చూసేవాడని చెప్పుకుంటారు. దూరపు కొండల్ని మసకగా వేసిన పెద్ద చిత్రకారులకు చూపే ఆనదేమోనని తర్వాతివాళ్ళు వాదులాడుకున్నారు. మగవాడికి ఆ లోపం చదువైంది, దర్జా అయింది, చివరికి కళ కూడా అయింది. ఆడదానికొచ్చేసరికి? అద్దాలున్న ఆడవాళ్ళను వెతికితే చాడీలు చెప్పే ముసలమ్మలు, పిసినారి ముసలమ్మలు, సూదిలో దారం ఎక్కించలేని ముసలమ్మలు దొరికారు. అద్దాలు పెట్టుకున్న పడుచుపిల్ల కోసం ఆమె ఎంత గాలించినా, ఎగతాళి బొమ్మల్లో తప్ప దొరకలేదు. చూపు ఆనని పడుచులు లోకంలో లేక కాదు. బొమ్మకు కూర్చునేముందు తీసెయ్యమని చెప్పి ఉంటారు.

ఈ మాట రాసుకున్న నెలకే 'కలగంటున్న స్త్రీ' కిందిగదికి దిగింది. పేరు తెలియని చిత్రకారుడు, పేరు తెలియని స్త్రీ, రెండు వందల ఏళ్ళు దాటిన బొమ్మ. మురికి, పాత వార్నిషు కలిసి మొహమంతా బెల్లం పాకం రంగులో ఉంది. శుభ్రం చేయకముందు తీసిన ఫొటోలో ముక్కెక్కడో చెంపెక్కడో కూడా తెలియదు. ఒళ్ళో మడిచిన ఉత్తరం, ఎటో చూస్తున్న పెద్ద కళ్ళు. ఆ కళ్ళ గురించి తరతరాల పండితులు రాసింది పోగేస్తే ఒక అలమరా నిండుతుంది. విరహం అన్నాడొకడు. భక్తి అన్నాడింకొకడు. దూరాన ఉన్న ప్రియుడు అన్నారు ముగ్గురు. ఆమె పదకొండు రోజులు తుడిచింది. మొదటి విడత మురికి పోయాక, అద్దాలు తీసి మొహం బొమ్మకు జానెడు దూరంలో పెట్టి చూస్తే, ముక్కు దూలానికి చెరో పక్క రెండు చిన్న ఎర్రని నొక్కులు కనిపించాయి. ఆమె గబుక్కున తన ముక్కు తడుముకుంది. అవే నొక్కులు, అదే చోట. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే మొహం కడుక్కుంటూ చూస్తున్నవి.

ఫ్రేములు బిగించే పెద్దాయన అప్పుడు అక్కడే ఉన్నాడు. "ఏమైందమ్మాయ్, అలా బిగుసుకుపోయావ్?" అన్నాడు.

"బాబాయ్, ఆవిడ కలగనడం లేదు," అంది ఆమె. "ఆవిడ చేత అద్దాలు తీయించారు. ఎదురుగా ఉన్న చిత్రకారుడు ఆవిడకు ఆనడం లేదు, అంతే."

పెద్దాయన పడీపడీ నవ్వాడు. "రెండు వందల ఏళ్ళు ఇంతమంది చదువుకున్నోళ్ళు ప్రియుడు ప్రియుడని కొట్టుకుచచ్చారు. అయ్యో పాపం!" అన్నాడు. ఆమెకు మాత్రం నవ్వుతో పాటు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ చిత్రకారుడు అద్దాలు తీయించాడే గానీ, చూసిందల్లా వేసే నిజాయితీ ఉన్నవాడు. నొక్కులు వదిలేశాడు. ఆ సాయంత్రం భర్తకు చెబితే, ఆయన చెంచా పక్కన పెట్టి, ఆమె మాటను మొట్టమొదటిసారి చివరిదాకా విన్నాడు. మర్నాడు నోటుపుస్తకం అడిగి తీసుకున్నాడు. "టైపు పని ఆఫీసులో చేయిస్తాలే, నువ్వు అలిసిపోతున్నావు," అన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన రాసిన ప్రతి ముక్కా టైపు చేసింది ఆమే. అలిసిపోతున్నావు అన్న ఆ ఒక్క మాటకు మురిసిపోయి, ఆ వారమంతా ఆయనకు ఇష్టమైనవే వండింది. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ప్రదర్శన తెరిచిన రోజున పుస్తకం చూసింది. అట్ట మీద ఆయన పేరు. లోపల పేజీ తిప్పితే ఆమె వాక్యాలు, కామాలతో సహా. ముసలమ్మలు, మతపెద్ద, ఆకుపచ్చ రాయి. "ఈ స్త్రీ కలగనడం లేదు" అన్న మాట పెద్ద అక్షరాల్లో. తన పేరు కోసం మొదటి నుంచి చివరి దాకా, చివరి నుంచి మొదటి దాకా వెతికింది. కృతజ్ఞతల్లో ఆఖరి వాక్యం దొరికింది. "నేను రాసుకుంటున్నంత కాలం ఇంటిని నిశ్శబ్దంగా ఉంచిన నా భార్యకు." వేదిక మీద ఆయన పెళ్ళి హాస్యం చెప్పాడు, హాలంతా నవ్వింది. ఆమె వెనక వరసలో కుర్చీల లెక్క చూస్తూ నిలబడింది, అతిథులకు చాలవేమోనని. ఇంటికొచ్చాక "నా పేరు?" అని అడిగింది. "మొగుడూ పెళ్ళాలకు నీ పేరు నా పేరు ఏమిటి?" అన్నాడు ఆయన ప్రేమగా. అది మింగింది. మింగడం ఆమెకు బాగా వచ్చు.

ఇప్పుడు ఈ కాగితం. సోమవారం ఇచ్చాడు, గురువారం కమిటీ. కాగితం చేతి సంచిలో మడిచి పెట్టుకుని తిరిగింది. సిగ్గుచేటైన సంగతి ఏమిటంటే, మొదటి రెండు రోజులు ఆమె ఆయన్నే నమ్మింది. ఎందుకు నమ్మదు? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నీకు కనపడదు, నీకు కనపడదు అని చెప్పించుకున్న మనిషి. బియ్యంలో రాయి వస్తే నీ చూపే. చొక్కా మీద మరక మిగిలితే నీ చూపే. అలాంటప్పుడు రెండు వందల ఏళ్ళ మచ్చను తనే తుడిచి ఉండదని ఏం ధైర్యంతో అనగలదు? కిందిగదిలో గాజు సీసాల్లో దాచిన దూది పుల్లలన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. గోధుమరంగు, గోధుమరంగు, గోధుమరంగు. అందులో మచ్చ ఉందని చెప్పలేం, లేదని చెప్పలేం. బొమ్మ ముందు నిలబడి, "అమ్మా, నీ మొహం నేను చెడగొట్టానా?" అని అడిగింది నిజంగానే, పైకే. ఆవిడ ఎప్పటిలాగే ఎటో చూసింది. రెండు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందన్న బాధ కాదు అది. తన కళ్ళు ప్రపంచంలో ఒక్క పనికి సాటిలేనివని ఇన్నాళ్ళూ గుట్టుగా అనుకుంటూ వచ్చింది. ఆ ఒక్కటీ అబద్ధమైతే ఇక తనకంటూ మిగిలేది ఏమీ లేదు.

బుధవారం భర్తను నోటుపుస్తకం అడిగింది. "పుస్తకం అచ్చయ్యాక దానితో ఏం పని? పాత కాగితాల్లో పడేశాను," అన్నాడు. నాలుగేళ్ళ రాత. చెత్తబుట్ట ఖాళీ చేసినంత తేలిగ్గా చెప్పాడు. ఆమె కిందికి దిగొచ్చి కుర్చీలో కూలబడితే, ఫ్రేముల పెద్దాయన సంగతేమిటని అడిగాడు. చెప్పింది.

"మందపాటిది, నీలం అట్టా?" అన్నాడాయన. "ఫ్రేము మూలల కింద పెట్టుకోవడానికి పైనుంచి పాత కాగితాలు తెచ్చుకుంటాను కదా. వాటిల్లో వచ్చింది. నీ రాత చూసి చింపబుద్ధి కాలేదమ్మాయ్, ఆ రంపాల పెట్టెలో పెట్టాను. నీకు తెలిసే పారేశారనుకున్నా."

పుస్తకం చేతికి రాగానే ఆ రోజు పేజీ తీసింది. ఎడమ పేజీలో ఇలా ఉంది: "రెండు నొక్కులు. ముక్కు దూలానికి చెరో పక్క. లేత ఎరుపు, అంచులు కాస్త ముదురు. ముందు ఇవి మురికి అనుకున్నాను, కావు, కుంచెతో వేసినవే." దాని ఎదురుగా కుడి పేజీలో: "ఎడమ నొక్కు కుడిదానికంటే లోతు, ఆ కంటి అద్దం బరువు కాబట్టి. కుడి నొక్కు కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ. కళ్ళ కింద చర్మం పలచబడింది. చాలాకాలంగా సరిగ్గా నిద్ర లేని మనిషి మొహం."

ఆమె గోడకున్న చిన్న అద్దం దగ్గరికి నడిచింది. కళ్ళద్దాలు తీసి, శ్వాసకు మసకబారేంత దగ్గరగా మొహం పెట్టింది. ఆ రోజు కూడా సరిగ్గా ఇలాగే నిలబడింది. ఎడమవైపు బొమ్మలో ఉన్నది, కుడివైపు తన మొహంలో ఉన్నది, పోల్చుకోవడానికి ఎదురెదురుగా రాసుకోవడం ఆమె పద్ధతి. తన పుస్తకం తనకే కదా అని పైన ఏ పేజీ ఎవరిదో రాయలేదు. ఆయన రెండు పేజీలూ ఏకంగా దింపేశాడు. కుడి నొక్కు కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ. అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. పుట్టినప్పటి నుంచీ ఉంది.

మొదట నవ్వొచ్చింది. పెద్దగా నవ్వింది, పెద్దాయన రంపం ఆపి చూసేంతగా. నా కళ్ళు అబద్ధం చెప్పలేదన్న సంతోషం అది. ఆ సంతోషం అరగంట కూడా నిలవలేదు. ఇరవయ్యొక్క ఏళ్ళు. ఎన్ని వేల పొద్దులు ఎదురుగా కూర్చుని కాఫీ తాగి ఉంటాడు ఈ మనిషి? ఆయనకు జ్వరమొస్తే తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఆమె. ఆయన మెడ వెనక ఉన్న మూడు పుట్టుమచ్చలు, ఎడమ కనుబొమలో తెల్లబడిన రెండు వెంట్రుకలు, కోపం వస్తే ముందు ఎర్రబడే చెవి, అన్నీ కళ్ళు మూసుకుని చెప్పగలదు, ఈ చూపు ఆనని మనిషి. ఆయన తన చేత్తో ఆమె మొహాన్ని అక్షరం అక్షరం ఎత్తి రాసుకున్నాడు. అచ్చు వేయించాడు. దాని మీద ఉపన్యాసమిచ్చాడు. ఎవరిదో గుర్తుపట్టలేదు. పేరు కాజేసినప్పుడు మోసపోయాననుకుంది. అదేం మోసం, ఇది మోసం. ఇన్నేళ్ళూ ఒక ఇంట్లో తను ఉన్నాననే అనుకుంటూ బతికింది.

అయినా ఆడమనసు, ఆయనకు ఒక అవకాశం ఇద్దామనుకుంది. తెలియక చేసిన పొరపాటు, తెలిస్తే ఆయనే సర్దుకుంటాడని. గురువారం పొద్దున ముగ్గురూ బల్ల దగ్గర ఉన్నప్పుడు, కాఫీ పోస్తూ మామూలుగా అడిగింది.

"ఏవండీ, నా ముక్కు మీద మచ్చ ఎటువైపు ఉంది?"

ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "నీకు మచ్చెక్కడుంది?"

"అదేమిట్రా?" అన్నారు అత్తగారు, బిస్కెట్టు కాఫీలో ముంచుతూ. "కుడివైపు లేదూ, అద్దాల కింద? దాన్ని మొదటిరోజే చూశాను నేను. చూసి, ఈ పిల్ల మాట పడదులే అనుకున్నాను."

పేపరు మెల్లగా కిందికి దిగింది. ఆయన చూశాడు. కళ్ళద్దాల కింద, కుడివైపు, ఎంతసేపు చూశాడో. ఆయన ఎడమ చెవి ఎర్రబడడం, మొహంలో ఒక్కొక్కటే అర్థమవడం, అర్థమైనదాన్ని ఆయన లోపల ఎటు మడిచి పెట్టాలో చూసుకోవడం, అన్నీ ఆమెకు స్పష్టంగా కనిపించాయి. కాఫీ గిన్నె పట్టుకుని ఎదురుచూసింది. ఒక్క మాట చాలు. అయ్యో అన్నా చాలు.

ఆయన పేపరు మడిచి, గొంతు సవరించుకున్నాడు. "ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి," అన్నాడు. తర్వాత ఇంకాస్త మెత్తగా, "సంతకం మర్చిపోకు. పదకొండింటికి కమిటీ."

అత్తగారికి ఏమీ అర్థం కాలేదు. కొడుకు వంకా కోడలి వంకా చూశారు. "ఏమిటమ్మా?" అన్నారు. ఆమె గిన్నెలో మిగిలిన కాఫీ ఆయన కప్పులోనే పోసింది. కప్పులు కడిగి బోర్లించింది. ఆయన రెండో చొక్కా ఇస్త్రీ లేకుండా కుర్చీ మీద ఉంది, దాన్ని చూసింది, అక్కడే ఉండనిచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆయన రాసిచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది. నోటుపుస్తకం చివర తెల్ల పేజీ ఒకటి చింపి, ఒళ్ళో పెట్టుకుని రాసింది. పెద్దగా ఆలోచించలేదు. మూడే వాక్యాలు.

కమిటీ గదిలో గోడకు 'కలగంటున్న స్త్రీ'ని దింపి తెచ్చి ఆనించారు. బల్లకు ఒక పక్క డైరెక్టరు, దిగిపోయే ముందు తలనొప్పి ఏమిటన్నట్టు కూర్చున్నాడు. పక్కన పరిశీలకురాలు, పుస్తకం నలభై మూడో పేజీ దగ్గర విప్పి ఉంది. ఎదురుగా భర్త. ఆమె లోపలికి రాగానే ఆయన లేచి కుర్చీ లాగాడు, ఎన్నడూ లేనిది. "మా ఆవిడ చాలా బాధపడుతోందండీ," అన్నాడు అందరితో. "చూపు సంగతి మీకు తెలిసిందే. కావాలని చేసింది కాదు. ఆ మాటే రాసి తెచ్చింది."

"ఇవ్వమ్మా," అన్నాడు డైరెక్టరు విసుగ్గా, కానీ మర్యాదగానే.

ఆమె కాగితం ఇచ్చింది. పక్కనే నోటుపుస్తకం ఆ పేజీకి విప్పి పరిశీలకురాలి ముందు పెట్టింది. భర్త కళ్ళు నీలం అట్ట మీద ఆగిపోయాయి. డైరెక్టరు కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, ఆఫీసు కాగితాలు చదివే గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

"బొమ్మ మీద నేను ఏ మచ్చనూ తుడవలేదు. నలభై మూడో పేజీలో ఉన్న ముక్కు..." ఆయన ఆగాడు. ఆమె వంక చూశాడు. మళ్ళీ కాగితం చూసుకున్నాడు, ఈసారి నెమ్మదిగా చదివాడు.

"నలభై మూడో పేజీలో ఉన్న ముక్కు నాది. ఆ పుస్తకం రాసిందీ నేనే."